నీచు తగలని పూలు

ఇలా దగ్గరికి జరుగు హరిచందనా, ఆ ఫోను పక్కన పెట్టి విను.

మన భవానీపురంలో హైమవతి లేదూ, టీచరుగా చేసి రిటైరైన ఆవిడ? వరద వదిలిపోయిన ఒండ్రులో బొగడబంతి, సీతజడ వేసింది. ఏం పూసిందమ్మా ఆ తోట! ఆ పూలు కోసి, కట్టలు కట్టి, వరండా నీడలో తలకిందులుగా వేలాడదీసింది. అలా ఆరితే రంగు పోదు.

ఓ పొద్దున గేటు ముందు టీవీఎస్ బండి ఆగింది. వెనక చేపల పెట్టె.

"ఆగాగు! లోపలికి రాకు. పూలకి నీచు పట్టేస్తుంది."

"చేపలమ్మడానికి రాలేదమ్మగారూ. చిన్న పని..."

"ఏదైనా అక్కణ్ణించే చెప్పు. ఇవి మామూలు పూలు కావయ్యా."

అతను గేటు బయటే నిలబడ్డాడు. పొట్టి మనిషి, మాసిన లుంగీ.

"ఇన్ని పూలు ఎవరికండీ?"

ఆ మాట అడిగితే హైమవతి ఆగుతుందా!

"మొన్న వరదలో నన్ను ఎత్తుకెళ్లి పడవలో కూర్చోబెట్టినాయనకి. తోరణం చేసి, వాళ్లింటి గుమ్మానికి నా చేత్తో కడతాను."

"ఆయనెవరో తెలుసాండీ?"

"తెలుసుకుంటా. ఆరడుగుల మనిషి, దొరలా ఉంటాడు. పెద్ద ఆఫీసరే అయ్యుంటాడు. నా కళ్లజోడు పడవలో జారిపోయింది గానీ, మనిషిని మర్చిపోతానా? ఎదురుపడితే ఇట్టే పోల్చేస్తా!"

అతను తన కాళ్ల వంక చూసుకున్నాడు. నవ్వాడు.

"ఆయనకి ముట్టినట్టే అనుకోండమ్మా."

చేతిలో కవరు గేటుకి తగిలించి బండెక్కాడు.

"చేపలు వద్దంటే వినవేం!" అని కేకేసింది హైమవతి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కవరు విప్పింది.

చేపల్లేవు.

కళ్లజోడు. విరిగిన కాడకి తను చుట్టుకున్న ఎర్రదారం అలాగే ఉంది.

చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా పరుగెత్తింది. బండి ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

ఇప్పుడు చేపల బండి ఏది కనబడ్డా ఆపి, వరండాలోకి రమ్మంటుంది. పూల కిందే కుర్చీ వేస్తుంది.

నువ్వు దీన్ని మర్చిపోకు తల్లీ, కనబడ్డవాళ్లందరికీ చెప్పు. వరదకి పడవలేసుకొచ్చిన సముద్రం వైపు జాలర్లెవరైనా దొరికితే మరీ చెప్పు. ఎవరి నోటో ఆ మనిషి చెవిన పడాలి, తోరణం ఇంకా ఆయన గుమ్మం కోసమే ఉందని.