గోడ మీది చెవి

"అక్కా, తీర్పొచ్చింది. మన పాప చెప్పిందే నిజమన్నారు. వాడికి శిక్ష పడింది," అంది ప్రమీల ఫోనులో. కోర్టు ఆ కుటుంబానికి ఇచ్చిన తోడుమనిషి ఆమె. పది రోజుల కిందటే పెళ్ళయినా, ఈ కేసులో ఒక్క వాయిదా మానలేదు.

భానుమతి పొయ్యి కట్టేసి గోడ వైపు చూసింది. అక్కడ ఇంట్లో మాటలు వినడానికి కోర్టు బిగించిన, రూపాయి బిళ్ళంత చెవి ఉంది. సాక్ష్యం చెప్పిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడది ఉంటుంది. పెద్దవాళ్ళు పిల్లలకి మాటలు నేర్పుతున్నారని అనుమానం వస్తే చాలు, గంట కొడుతుంది. మోగిన ప్రతిసారీ సాక్ష్యం బలం తగ్గుతుంది. అందుకే ఏడాదిన్నరగా "ఇందులో నీ తప్పేం లేదమ్మా" అన్న ఒక్క మాట కూతురితో అనలేక, దానికి బదులు జడ మరీ నెమ్మదిగా అల్లేది. ఒకసారి పాలు పొంగుతుంటే "తప్పుకో తల్లీ" అంటే, అందులో 'తప్పు' విని అది మోగింది. ఆ పూట ఇద్దరూ భయపడి, తర్వాత పడీ పడీ నవ్వారు.

"ఇప్పుడు పాపతో ఆ మాట అనొచ్చా?"

"రేపటిదాకా ఓపిక పట్టక్కా. ఆర్డరు తీసుకుని నేనే వచ్చి ఆ చెవిని ఊడదీస్తా. కొత్త పెళ్ళికూతుర్ని, కాఫీ మాత్రం నాచేత పెట్టించకు."

సాయంత్రం బడి నుంచి వచ్చిన కూతురు మేదినికి భానుమతి తీర్పు సంగతి చెప్పి, "రేపు బడి మానెయ్యి. ప్రమీలక్క వచ్చి వెళ్ళగానే నీకొకటి చెప్పాలి," అంది.

తొమ్మిదేళ్ళ మేదిని గోడ వంక చూసి గొంతు తగ్గించింది. "నేనూ నిన్నొకటి అడగాలమ్మా. ఎవరు ముందు?"

"నేనే ముందు. అది విన్నాక ఇంకా అడగాలనిపిస్తే అడుగుదువు గాని. రేపు పదింటికి."