మూడో పళ్ళెం

పొద్దుట్నుంచీ మౌలాబీకి కాలు నిలవడం లేదు. మంచినీళ్ళు తాగింది. వాకిలి దాకా వెళ్ళొచ్చి మళ్ళీ తాగింది.

వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో ఏ పప్పు తాజాదో, ఏది పాతబడిందో వాసన చూసి చెప్పేది ఆమే. ఇవాళ ఆ ముక్కుకే పరీక్ష.

ఆమె పనిలో చేరిన కొత్తలో పప్పు పాడవకుండా డబ్బాలో గాలి లాగేసి సోడా గ్యాసు నింపేవాళ్ళు. తర్వాత లారీల మీద నైట్రోజన్ సిలిండర్లు దిగాయి. ఇప్పుడు సిలిండరూ వద్దట. బీరువా అంత మెషీన్ మామూలు గాలిలోంచే నైట్రోజన్‌ని వడకట్టి ప్యాకెట్లో నింపుతుందట. ఇంకా ఏమేం చూడాలో ఖర్మ!

మెషీన్ తెచ్చిన ఇంజినీరు జ్యోతిర్మయి బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టింది.

"మూడూ ఆర్నెల్ల కిందట ప్యాక్ చేసినవేనమ్మా. ఒకటి మెషీన్‌ది, ఒకటి సిలిండర్‌ది, ఒకటి ఏ గ్యాసూ నింపనిది. ఆ నింపనిది ఏదో చెప్పండి."

తప్పు చెబితే మళ్ళీ గింజలు కొట్టే బల్ల దగ్గరికే. ఆ పెంకుల్లోంచి కారే జీడి అంటి వేళ్ళు పొక్కిపోతుంటే ఈ వయసులో ఎలా ఓర్చుకోవడం? మౌలాబీకి ఏడుపొచ్చినంత పనయింది.

మొదటి పళ్ళెంలోంచి ఒక పప్పు తీసి, యజమాని బాపయ్య ముక్కు దగ్గర పెట్టింది.

"ముందు మీరండీ. తర్వాతే నేను."

బాపయ్య మురిసిపోయాడు. "ఈ నాలుగైదేళ్ళుగా భలే మర్యాద నేర్చావు మౌలాబీ! నాకేం తెలుస్తుంది, నాకన్నీ ఒకటే."

ఆయన చూశాక ఆమె చూసింది. రెండో పళ్ళెమూ అంతే. మూడోది చూసి బాపయ్య ముక్కు నలుపుకున్నాడు. మౌలాబీ ఆ పప్పుని కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసింది.

"ఇదేనండీ. పాత నూనె వాసన."

జ్యోతిర్మయి పళ్ళెం కింద అంటించిన చీటీ చూసి నోరు తెరిచేసింది. "కరెక్ట్!"

"ఏమనుకున్నావమ్మా మా మౌలాబీ అంటే!" బాపయ్య మీసం దువ్వాడు.

"మెషీన్‌లోంచి వచ్చే ప్రతి బ్యాచూ ఇక మౌలాబీగారే పాస్ చెయ్యాలండీ," అంది జ్యోతిర్మయి. " రేపట్నుంచి ఆ పక్క గదిలో ఒక్కరే కూర్చుని చూడాలి. దగ్గర ఎవరూ ఉండకూడదు, మీరు కూడా."

చుట్టూ చేరిన పనివాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. మౌలాబీ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

కరోనా వచ్చి తగ్గిన నాటి నుంచి ఆమెకు ఏ వాసనా తెలియదు.