సగమే చూపిస్తోంది

"ర్యామ్ పదహారు జీబీ ఉండాలి. ఎనిమిదే చూపిస్తోంది," అంది భార్య, తలుపు తీసి పక్కకి జరుగుతూ.

మూడు నెలల తర్వాత మొగుణ్ణి చూసి అనాల్సిన మొదటి మాటేనా ఇది? అయినా అతను నొచ్చుకోలేదు. నొచ్చుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది. కంప్యూటర్లు బాగుచేసే మనిషి కదా, స్క్రూడ్రైవర్ల సంచి పట్టుకుని, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. తన ఇంట్లోకి తనే పనివాడిలా వెళ్ళడం ఎలా ఉంటుందంటే, ఏమీ ఉండదు. కాళ్ళకి దారి తెలుసు కాబట్టి నడుస్తాయి, అంతే.

ఆమె ఇంట్లోనే కూచుని కంప్యూటరు మీద పుస్తకాలకి పేజీలు తీర్చిదిద్దుతుంది. బొమ్మలున్న పుస్తకం తెరిస్తే చాలు మిషను నత్తనడక నడుస్తోందనీ, నాలుగు రోజుల్లో ప్రెస్సుకి అందించాలనీ పొద్దున ఫోన్లో చెప్పింది. వీలైతే రండి అంది. పదకొండేళ్ళు 'నువ్వు' అన్న మనిషి 'మీరు' అంది. పోనీలే, రమ్మంది కదా అనుకున్నాడతను. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టమని లాయరు ఎన్నిసార్లు పిలిచినా ఇవాళ జ్వరం, రేపు పని అని తప్పించుకు తిరుగుతున్నవాడు, ఈ ఫోనుకి మాత్రం గంటలో గుమ్మంలో ఉన్నాడు. అతనికి ఆ ఇల్లు కావాలి. ఆమె కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

అసలు ఆ మిషనుకి రోగం పెట్టిందే అతను. బట్టలు సర్దుకుని వెళ్ళిపోతున్న రోజు, ఆమె స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో సీపీయూ మూత తీసి, లోపలున్న ఎనిమిదేసి జీబీల రెండు ర్యామ్ ముక్కల్లో ఒకదాని గొళ్ళెం నొక్కి, ముక్కని గోరంత పైకి లేపి, మళ్ళీ మూత బిగించేశాడు. పని ఆగితే తనని పిలవక ఏం చేస్తుందిలే అని. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, ఇది చెబితే మొదటికే మోసం. మొదటి వారమంతా ఫోను చేతిలోంచి దించలేదు. రెండో నెలకి ఎదురుచూడటం కూడా పళ్ళు తోముకోవడంలా అలవాటైపోయింది.

మూత తీశాడు. ముక్క తను వదిలినట్టే లేచి ఉంది. వేలితో నొక్కితే టక్కున కూచుంటుంది, అర నిమిషం పని. అర నిమిషంలో చేసేసి వెళ్ళిపోవడానికా ఇన్నాళ్ళు కాచుకున్నది? రెండు ముక్కలూ బయటికి లాగాడు. అంచుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. ఒక్కొక్కటే పెట్టి చూశాడు, చోట్లు మార్చి చూశాడు, ప్రతిసారీ మిషను ఆపి మళ్ళీ వెలిగించాడు. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకోవడమంటే ఇదే. దుమ్ము వల్లేమో అని ఒకసారి, బోర్డే పోయిందేమో అని ఒకసారి పైకే గొణిగాడు.

ఆమె కుర్చీలో కూచుని అతని చేతుల్నే చూస్తోంది. ఎంతసేపని అడగలేదు, తొందరపెట్టలేదు. మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. కాసేపటికి కాఫీ కూడా తెచ్చింది, చక్కెర లేకుండా, అతను తాగే విధంగానే. ఆ కాఫీతో అతనికి ఆశ పుట్టింది. మొద్దుబారిన చోట చీమ కుట్టినంత ఆశ.

"ఒక్కదానివే కష్టంగా ఉంటోందా?" అడిగాడు.

"అలవాటైంది."

ఇక సాగదీయడానికి ఏమీ మిగల్లేదు. రెండు ముక్కలూ కూర్చోబెట్టి మిషను వెలిగించాడు. తెరమీద పదహారు కనబడింది. ఆమె బొమ్మల పుస్తకం తెరిచి, నాలుగు పేజీలు అటూ ఇటూ తిప్పి, బాగానే ఉందన్నట్టు తలూపింది. అతను స్క్రూలు బిగిస్తున్నాడు. ఉండిపోనా అని ఇవాళే అడిగెయ్యాలనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆ ముక్క కూచునే స్లాటు కాస్త వదులైంది. మళ్ళీ ఊడొచ్చు. ఎప్పుడు ఊడినా ఫోన్ చెయ్యి, వచ్చేస్తాను."

ఆమె సొరుగులోంచి ఒక ఫైలు తీసి అతని ముందు పెట్టింది. పెన్ను మూత తీసి పక్కన ఉంచింది. గొంతులో కోపమూ లేదు, ఏడుపూ లేదు.

"ఊడదు. మీరు వెళ్ళిన మర్నాడే విప్పి చూసి, నేనే బిగించుకున్నాను. సంతకానికి రమ్మంటే రావడం లేదు కదా, అందుకని నిన్న మళ్ళీ ఊడదీశాను."