బల్ల కింద చెప్పులు

"గుడ్డు దొరకలేదు తాతా. ఏదో గుచ్చుకుంది" అంది కెజియా, వేలు చూపిస్తూ.

వేలి మీద ఎర్రగా రెండు చుక్కలు.

కారులో తెనాలి చేరేసరికి ఏడేళ్ళ పిల్ల కనురెప్పలు వాలిపోయాయి. పిలిస్తే పలకలేదు. ఆస్పత్రివాళ్ళు మంచం మీద తోసుకుంటూ లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది.

బర్నబాసు బయటే నిలబడిపోయాడు.

కోడి గడ్డివాములో గుడ్డు పెట్టినట్టుంది, చూసి రమ్మని మనవరాలిని పంపింది తనే. కొడుకూ కోడలూ హైదరాబాదు నుంచి బయల్దేరారు. వాళ్ళు వచ్చేలోగా జరగరానిది జరిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

రేపల్లెలో బర్నబాసుగారిని ఎరగనివాళ్ళు లేరు. సంఘపెద్ద. ఆయన ప్రార్థన లేనిదే పుట్టినరోజు కేకు తెగదు. ఆయన కళ్ళు మూసుకున్నాడంటే బిర్యానీ చల్లారాల్సిందేనని కుర్రాళ్ళు చాటున నవ్వుకుంటారు. ఆయనకు మాత్రం తన ప్రార్థన మీద మహా గురి.

ఇప్పుడు అదే దిక్కు.

వరండాలో ఉన్నది ఒక్కటే బల్ల. దాని చివర లుంగీ కట్టుకున్న మనిషి గోడకు చేరగిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో. కాళ్ళకు ఎండిన బురద. బల్ల కింద చిన్నపిల్లల చెప్పుల జత.

"బాబూ, ఆ చెప్పులు కాస్త అవతల పెట్టుకో. మోకరించాలి" అన్నాడు బర్నబాసు.

ఆ మనిషి వంగి చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బర్నబాసు రుమాలు పరిచి మోకరించాడు. గొంతెత్తాడు. మందుల కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగి చూశారు. అంత భయంలోనూ ఆ సంగతి ఆయన గమనించకపోలేదు.

"మహోన్నతుడవైన తండ్రీ, మేము ఇతరులవంటివారము కాము. నీ పేరు పెట్టబడిన ప్రజలము. నిన్నెరుగనివారి ఇండ్లలో ఏడ్పు వినబడినను, నీ ప్రజల ఇండ్లలో వినబడనియ్యవు. నా బిడ్డ కన్నులు తెరువుము తండ్రీ..."

"ఆమీన్" అన్నాడు బల్ల మీది మనిషి మెల్లగా.

బర్నబాసు తలెత్తి చూశాడు. ఆ మనిషి చొక్కా జేబులోంచి తెల్ల టోపీ అంచు కనబడింది. మధ్యలో నీకెందుకయ్యా అన్నట్టు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకోబోయాడు.

అంతలో తలుపు తెరుచుకుని నర్సు తల బయటపెట్టింది.

"పాపకి ఊపిరి అందట్లేదండి. గొంతులో గొట్టం వేస్తున్నారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టరుగారు."

తలుపు మళ్ళీ మూసుకుంది.

బర్నబాసు లేవబోయి తూలాడు. పడిపోయేవాడే. ఆ మనిషి రెండు చేతులా పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు. సీసా మూత తీసి నీళ్ళు తాగించాడు.

"ప్రార్థన చేద్దామంటే మాట రావట్లేదయ్యా. ఒక్క మాటా రావట్లేదు."

"రాకపోతే ఏంటి బాబాయిగారూ. పైనున్నాయనకి తెలీదా అండి."

"భయమేస్తోంది."

"వేస్తుందండి." ఆ మనిషి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పాప పేరేంటండి?"

"కెజియా."

ఆ మనిషి పట్టిన చెయ్యి వదలకుండా, రెండో అరచెయ్యి పైకి తెరిచి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. అందులో బర్నబాసుకు వినబడింది కెజియా పేరొక్కటే.

నీవాళ్ళెవరు లోపల, నువ్వెందుకొచ్చావు అని అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు. భయం కమ్మిన మనిషికి తన గోడు తప్ప మరొకటి కనబడదు.

మధ్యాహ్నం దాటింది. తలుపు చప్పుడైనప్పుడల్లా బర్నబాసు లేవబోయేవాడు. ఆ చెయ్యి ఇంకాస్త గట్టిగా బిగిసేది.

చివరికి నర్సు నవ్వు మొహంతో వచ్చింది.

"కళ్ళు తెరిచిందండి. తాతగారిని పిలవనా అంటే తలూపింది."

బర్నబాసు పరుగెత్తాడు. పిల్ల కళ్ళు చూసి, నుదురు తాకి, పసివాడిలా ఏడ్చాడు.

బయటికి వస్తుంటే ఆదివారం చర్చిలో చెప్పబోయే సాక్ష్యం అప్పుడే నోట్లో మెదులుతోంది. నేను మోకరించాను, దేవుడు ఆలకించాడు. ముందు ఆ టోపీ మనిషికే చెప్పాలనుకున్నాడు. తన దేవుడెంత గొప్పవాడో అతనూ వినాలి.

బల్ల ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చున్నాయన ఏడమ్మా?"

"ఇమాముద్దీన్ గారాండి? ఇందాకే వెళ్ళిపోయారు. అమృతలూరు వాళ్ళండి. పొద్దున వాళ్ళబ్బాయిని తీసుకొచ్చారు. పాము కాటే."

బర్నబాసు మొహం వెలిగింది. "తగ్గిందా బాబుకి? ఇంటికి పంపించేశారా?"

నర్సు తల వంచుకుంది.

"మీరు రావడానికి కాస్త ముందే పోయాడండి. పోలీసులు వచ్చి రాసుకుంటేగాని ఇవ్వరు కదండి. అందుకే ఇందాకటిదాకా కూర్చున్నారు."

బర్నబాసు బల్ల కేసి చూశాడు.

"మీకు చెప్పబోతే ఆయనే వద్దన్నారండి. పాప కళ్ళు తెరిచేదాకా చెప్పకమ్మా, పెద్దాయన బెదిరిపోతాడు అన్నారు."

పొద్దున పరిచిన రుమాలు ఇంకా నేల మీదే ఉంది.

తను అవతల పెట్టుకోమన్న చెప్పులు, అప్పటికి చనిపోయి గంటైనా కాని పిల్లాడివి, తన ప్రార్థనకు ఆమీన్ అన్నది ఆ పిల్లాడి తండ్రి.