ముల్లు కింద గొంతు

1945 మార్చిలో ఒక ఆదివారం పొద్దున, కడప ఊరి చివరి ఇంట్లో ఓబులేసు తన పెద్ద కొడుకు శ్రీనివాసులు గొంతు విన్నాడు. శ్రీనివాసులు అంతకు ముందు ఏడాదే బర్మా సరిహద్దులో చనిపోయాడు. ఆ గొంతును ఓబులేసు చెవికి చేర్చింది రెండు వాల్వుల ఆంప్లిఫయర్. దాన్ని చేసినవాడు సినిమా టెంటులో మిషన్ ఆడించే ఖాదర్ మొహిద్దీన్. అలాంటిది చేయడం అతనికి అదే మొదలు.

ఓబులేసుది రాతిగనిలో మందు పెట్టి బండలు పేల్చే పని. ఆ పనిలోనే చెవులు పోయాయి. పక్కన నిలబడి అరిస్తే సగం అందేది.

గనిలో ఒక పద్ధతి ఉంది. మందు ముట్టించే ముందు కేక వేయాలి. గుంతలో ఎవరైనా ఉంటే బదులు కేక వస్తుంది. ఒకరోజు ఓబులేసు కేక వేశాడు. గుంతలో ఉన్న చిన్న కొడుకు ఆంజనేయ బదులు పలికాడు. గట్టు మీదివాళ్లందరూ విన్నారు. ఓబులేసుకు వినపడలేదు.

తమ్ముడి కర్మ అయిన మర్నాడు శ్రీనివాసులు పట్టాళంలో చేరాడు. పోతూ తండ్రితో మాట్లాడలేదు. బర్మా వైపు పంపే ముందు మద్రాసులో ఒక దుకాణంలో గ్రామఫోను ప్లేటు మీద తన గొంతు పట్టించి, దాన్ని ఇంటికి పంపాడు.

గ్రామఫోను ఉన్నది టీచరమ్మ జ్ఞానమణి ఇంట్లో. ఓబులేసు, భార్య రామసుబ్బమ్మ ప్లేటు తీసుకుని అక్కడికి పోయారు. ఓబులేసు చెవిని గొట్టంలో పెట్టాడు. ఏమీ అందలేదు. ఉక్కు సూది కింద నల్లటి పొడి లేచింది. జ్ఞానమణి మిషన్ ఆపింది.

"ఇది మెత్తటి ప్లేటు. ఇంకోసారి పెడితే గొంతు చెరిగిపోతుంది" అంది.

"ఏమన్న్యాడు?" ఓబులేసు భార్యను అడిగాడు.

రామసుబ్బమ్మ అతని చెవి దగ్గర అరిచి చెప్పింది. "నాయనా, బాగుండావా అన్న్యాడు. దిగులు పెట్టుకోవద్దన్న్యాడు."

జ్ఞానమణి గ్రామఫోను మూత వేసింది.

తరువాత శ్రీనివాసులు పోయాడని తంతి వచ్చింది. దినాలు అయ్యాక ఓబులేసు సినిమా టెంటుకు పోయాడు.

"ఆట మొదలయ్యేది పొద్దు గూకినాకప్పా" అని అరిచాడు ఖాదర్ మొహిద్దీన్.

"ఆటకు రాల్యా. నా కొడుకు నాయనా అన్న్యాడంట. అది నా చెవితో వినాల."

ఖాదర్ ప్లేటు గురించి అడిగి తెలుసుకున్నాడు.

"ఉక్కు సూది వద్దు. ముల్లు పెడితే ప్లేటు అరగదు. కానీ గొంతు సన్నగా వస్తాది. దాన్ని వాల్వులతో పెంచాల. చెడినవి బాగుచేస్తా గానీ కొత్తది నేను యాడ చేసినా?"

"ముల్లు నేను తెస్తా" అన్నాడు ఓబులేసు.

"ముళ్లకేం కరువప్పా మన సీమలో! వాల్వులకు గదా."

చెడిపోయిన ఒక వైర్‌లెస్ సెట్టులో వాల్వులు దొరికాయి. ఖాదర్ కిరసనాయిలు డబ్బా కోసి, చదును చేసి, వాటిని దాని మీద బిగించాడు. వారం వారం ఆట లేని పొద్దున ఓబులేసు ఇంటికి వచ్చి పని చేసేవాడు. ఓబులేసు తుమ్మముళ్లు ఎండబెట్టి మొనలు చెక్కేవాడు.

రామసుబ్బమ్మ వాళ్లకు నీళ్లు కూడా ఇచ్చేది కాదు.

"పోయినోడి గొంతు మళ్లా ఎందుకు లేపేది? ఏమన్న్యాడో చెప్పినా గదా" అని భర్త మీద అరిచింది.

"నీ నోట విన్న్యా. వాని నోట వినాల."

మొదటిసారి బ్యాటరీలు కలిపితే డబ్బా కూత పెట్టింది.

"రేకు అదిరితే వాల్వు అదురుతాండాది. కింద మెత్తగా ఏదైనా పెట్టాల" అన్నాడు ఖాదర్.

ఓబులేసు తలగుడ్డ విప్పి మడిచి ఇచ్చాడు. కూత ఆగింది. ఖాదర్ టెంటు నుంచి తెచ్చిన పాటల మిషన్ మీద తన ప్లేటు పెట్టి, డబ్బాకు తగిలించిన రెండు చెవిగొట్టాల్లో ఒకటి ఓబులేసుకు ఇచ్చి, ఇంకొకటి తన చెవికి పెట్టుకున్నాడు. ఓబులేసు పాటలో మాటలు ఒక్కటీ పోకుండా తిరిగి చెప్పాడు.

"నీ చెవులు వచ్చినాయి పో!" అన్నాడు ఖాదర్.

ఓబులేసు ముఖం కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు. రామసుబ్బమ్మ ఖాదర్ దగ్గరికి వచ్చింది.

"పెట్టె చెడిపోయిందని చెప్పరాదా, ఖాదరూ?"

"ఎందుకమ్మా? ఆయన దీనికోసమే బతుకుతాండాడు. ఒక్కసారి విననీ."

ఆమె లోపలికి పోయి జొన్నల కాగులోంచి ప్లేటు తీసి తెచ్చింది.

"ఎలకలు కొరుకుతాయని దాచినా" అంది.

ఖాదర్ కొత్త ముల్లు బిగించాడు. ఒక చెవిగొట్టం ఓబులేసుకు, ఒకటి తనకు. ప్లేటు తిరిగింది. ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. మాట మాటకూ తల ఊపాడు. రామసుబ్బమ్మ గడప దగ్గర వీధి వైపు తిరిగి నిలబడింది. ప్లేటు అయిపోయింది. ఖాదర్ ముల్లు ఎత్తాడు. ఓబులేసు వైపు చూడలేదు.

"వినపడిందా?" అని రామసుబ్బమ్మ అడగలేదు. ఓబులేసే చెప్పాడు.

"నువ్వు చెప్పినట్టే, సుబ్బమ్మా. నాయనా, బాగుండావా అన్న్యాడు. దిగులు పెట్టుకోవద్దన్న్యాడు."

రామసుబ్బమ్మ గడప మీద కూర్చుంది.

"ఇంకోసారి పెట్టాల్నా అప్పా?" అడిగాడు ఖాదర్.

"వద్దులే. అరిగిపోతాది."

ఖాదర్ బ్యాటరీల తీగలు విప్పాడు. రామసుబ్బమ్మ లేచి అతనికి చెంబుతో నీళ్లు ఇచ్చింది.

ఆ ప్లేటులో 'నాయనా' అన్న పిలుపు లేదు.