ఇరవైమూడో మడి

రోలండ్ చిక్కుడుకాయ ఒకటి తెంపి పాస్క్ ముఖం ముందు ఆడించాడు.

"ఇది కూరగాయా, చెప్పుల తోలా? నెల కిందటే కోసి తినాల్సినవాటిని ఇట్లా ముదరబెట్టి వేలాడదీశావేం?"

"తినడానికి కాదయ్యా, విత్తనానికి. లోపల గింజ ఇంకా పచ్చిగానే ఉంది. ఇంకో రెండు వారాలు ఎండాలి."

"ఎండాలట! శనివారం జడ్జీలొస్తుంటే!"

రోలండ్ మంట రోలండ్‌ది. ఆ పాత బొగ్గుగని ఊళ్లో మునిసిపాలిటీ అద్దెకిచ్చే కూరగాయల మళ్లు నలభై ఉన్నాయి. వాటి కమిటీకి అతను అధ్యక్షుడు. జిల్లాలో చూడముచ్చటైన మళ్లకిచ్చే కప్పు తొమ్మిదేళ్లుగా చేతిదాకా వచ్చి జారిపోతోంది.

ఒకసారి వాన ఉల్లిని కుళ్లబెట్టింది. ఇంకోసారి పురుగు క్యాబేజీని జల్లెడ చేసింది. కిందటేడు అన్నీ కుదిరాయనుకుంటే పావురాలొచ్చి బఠాణీలు ఊడ్చుకుపోయాయి.

ఈసారి మాత్రం ఏ మడి చూసినా కళకళలాడుతోంది. మధ్యలో పంటికింద రాయిలా ఇరవైమూడో మడి.

పాస్క్ వసంతంలో వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, దక్షిణాది యాస. పక్క మళ్లలో ఇరవై రకాలు పండుతుంటే, అతను ఒక్క చిక్కుడు వరస వేసి ఊరుకున్నాడు.

"మడి కోసం ముప్పై మంది కాచుక్కూచున్నారు. ఎక్కడినుంచో ఊడిపడ్డవాళ్లకి మన మట్టి విలువేం తెలుస్తుంది?" అంది కమిటీ కార్యదర్శి మేవిస్. పాస్క్‌కి వినపడేలాగే అంది.

పాస్క్ ఆమె వైపు చూడకుండా రోలండ్‌తో అన్నాడు.

"రోలండ్, గింజ ఎండాక నీతో ఒక మాట చెప్పాలి."

"ఎండాక కాదు, పీకాక చెప్పు! విత్తనాల పొట్లం కొట్లో రెండు పౌండ్లు. అంతగా కావాలంటే నేనే కొనిపెడతా!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"ఈ గింజ ఏ కొట్లోనూ దొరకదు," అన్నాడు పాస్క్. ఆ నవ్వుల్లో అతని మాట ఎవరు వింటారు?

గురువారం పాస్క్‌కి గుండెలో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు.

శుక్రవారం మధ్యాహ్నం కమిటీ ఇరవైమూడో మడి దగ్గర చేరింది.

"మనిషి వచ్చేదాకా ఆగుదామా?" మేవిస్ నసిగింది.

"జడ్జీలు ఆగుతారా?" అన్నాడు రోలండ్.

మనిషి లేనప్పుడు అతని మడిలో అడుగు పెట్టకూడదు. నీళ్లు పోయాలన్నా అడిగే పోయాలి. వందేళ్లుగా ఆ మళ్లలో అదే కట్టుబాటు. దాన్ని కాపాడాల్సిన కమిటీయే కత్తెరలు పట్టుకుని గట్టు దాటింది. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది?

తీగలు కోశారు. కాయలతో సహా మంటలో వేశారు. నేలను తిరగేసి, దువ్వెనతో దువ్వినట్టు చదును చేశారు.

శనివారం కప్పు వచ్చింది. టీలు, కేకులు, ఫోటోలు!

మంగళవారం పాస్క్ వచ్చాడు. మణికట్టుకి ఆస్పత్రి పట్టీ ఇంకా అలాగే ఉంది.

తన మడి చూశాడు. బూడిదకుప్ప చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని బూడిదను వేళ్లతో కెలకడం మొదలుపెట్టాడు.

"ఒక్క కాయైనా ఉంచారా?"

"ఏముంచుతాం, చెత్త! అది వదిలెయ్. కప్పు మనందరిదీ. రా, నువ్వూ ఒక చెయ్యి వేసి ఫోటో దిగు," అన్నాడు రోలండ్ పెద్ద మనసుతో.

పాస్క్ లేచాడు. ఆర్నెల్లలో అతని గొంతు పెరగడం అదే మొదటిసారి.

"ఎవరినడిగి కోశారు? నేను చచ్చాననుకున్నారా? ఎవరినడిగి నా మడిలో కాలు పెట్టారు?"



అతను గేటు తాళంచెవి కప్పున్న బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"నాలుగు చిక్కుడుకాయలకి ఇంత రాద్ధాంతమా! ముసలాయనకి ఎంత పొగరో చూశారా?" అన్నాడు రోలండ్.

వారం తర్వాత, ఆ మడి కొత్తవాళ్లకి ఇవ్వాలని మేవిస్ మడి మూలనున్న పాస్క్ పనిముట్ల షెడ్డు ఖాళీ చేసింది. కిటికీ దగ్గర ఒక గోధుమరంగు కవరు దొరికింది. మేవిస్ దాని మీద రాసింది చదివింది. వెంటనే తెచ్చి రోలండ్ చేతిలో పెట్టింది.

కవరు ఖాళీ. గింజలు పోయడానికి సిద్ధం చేసి పెట్టుకున్నది. దాని మీద వణికే అక్షరాలతో రాసి ఉంది:

"రోలండ్‌కి. గని మూతపడి ఊరంతా పస్తులున్నప్పుడు, మీ తాత ఎడ్విన్ ఈ ఇరవైమూడో మడిలో పండించిన చిక్కుడు ఇది. మా నాన్న పుట్టింది మీ వీధిలోనే. పొట్ట చేతపట్టుకుని ఊరు విడిచిపోతుంటే మీ తాత ఆయన జేబు నిండా ఈ గింజలు పోశాడట. అవే మమ్మల్ని బతికించాయి. నా తర్వాత వీటిని నాటేవాళ్లు లేరు. అందుకే మిగిలిన పదకొండు గింజలూ మీ తాత మట్టిలోనే వేశాను, మీ సొత్తు మీకు ముట్టజెప్పి పోదామని."