ఉన్ని వడికిన రుటీలియా

“‘శత్రువుల శిబిరంలోకి పల్లకీలో వెళ్ళి, ఇద్దరు సేనానులకు సంధి కుదిర్చింది మా పెద్దమ్మ...’ ఎలా ఉందమ్మా?” అన్నాడు సెర్వియస్.

“కొట్టేయ్,” అంది తల్లి.

సెర్వియస్ గంటం మైనపు పలక మీదే ఆగిపోయింది. పెద్దమ్మ లోపలి గదిలో, తెర వెనక మంచం మీద ఉంది. ఇక ఆశ లేదని వైద్యుడు తేల్చేశాడంటూ అమ్మ పొద్దున్నే కబురు పెట్టి పిలిపించింది. చూస్తానంటే, మనిషి అలికిడికే ఆయాసపడుతోందని గడపలోనే ఆపేసింది. పోయినవాళ్ళ గుణగణాలు ఇంటి మగవాడు ఊరి నడిబొడ్డున ఫోరంలో, జనం ముందు నిలబడి చెప్పాలి. ఎన్నికలు నెత్తి మీదకు వచ్చాయి కాబట్టి ఆ ప్రసంగం ఇప్పుడే సిద్ధం కావాలని అమ్మ పట్టు. పెద్దమ్మ ఇంకా ఊపిరి పీలుస్తుండగా ఇదేం పనని అతని మనసు గింజుకుంటోంది.

“ఎందుకు కొట్టేయాలి? అబద్ధమా?”

“నిజం గనకే కొట్టేయమంటున్నా. పల్లకీలో ఇద్దరం వెళ్ళాం. మూతి ముడుచుకున్న ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది. కానీ నీ మీద పోటీ చేస్తున్న ఆ కాస్కోనియస్ ఊరంతా ఏమని కూస్తున్నాడో తెలుసుగా?”

తెలుసు. సెర్వియస్ కొంగుచాటు బిడ్డ అనీ, వాడికి ఓటేస్తే సెనేట్‌ను నడిపేది ఆ అక్కాచెల్లెళ్ళేననీ. అందులో సగం నిజం ఉంది కాబట్టే అతనికి ఒళ్ళు మండుతోంది. రోములో ఎవరికి ఏ పదవో చాలాకాలంగా ఈ ఇంటి భోజనాల గదిలోనే తేలుతోంది. మగవాళ్ళు మర్నాడు సెనేట్‌కు వెళ్ళి, ఆ ఆలోచన తమ బుర్రలోనే పుట్టినట్టు గొంతు సవరించుకుంటారు.

“పోనీ, మామయ్యను దేశబహిష్కారం నుంచి వెనక్కి రప్పించింది?”

“అదీ తీసేయ్.”

“నాన్నకు పదవి ఇప్పించింది?”

“ఇంకా నయం! పోయిన మీ నాన్న పరువు తీస్తావా?”

తెర సందులోంచి గ్రీకు వైద్యుడు తొంగి చూశాడు. ఇంకాసేపు ఆగమన్నట్టు తల్లి చెయ్యి ఊపింది. అతను తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

“ఇంకేం మిగిలిందమ్మా రాయడానికి?”

“రాసుకో. ఉన్ని వడికింది. ఇల్లు కనిపెట్టుకుంది. మొగుడికి ఎదురు చెప్పలేదు. గడప దాటలేదు.”

“పెద్దమ్మ ఉన్ని వడకడం నువ్వెప్పుడైనా చూశావా?”

“నేను చూడకపోతేనేం? జనం నమ్ముతారు. వాళ్ళకు అలాంటి ఆడదాని కోసమే ఏడుపొస్తుంది. ఏడ్చినవాళ్ళు ఓటేస్తారు.”

అతను గంటం మొండివైపుతో ఒక్కో వాక్యాన్నే రుద్ది చెరిపాడు. బతికున్న మనిషిని చెరిపేస్తున్నట్టనిపించింది.

“‘పెద్ద రుటీలియా’ అని మొదలుపెట్టావా? ఆ ‘పెద్ద’ కూడా తీసేయ్. ‘మా పెద్దమ్మ’ అని కూడా అనకు. మా నాన్న కూతుళ్ళిద్దరికీ తన వంశం పేరే తగిలించాడు. పెద్దా, చిన్నా ఇంట్లో పిలుపులు. ఫోరంలో రుటీలియా అంటే చాలు.”

“నీ సొంత అక్క గురించేనా ఇలా మాట్లాడుతున్నావ్? ఇదే నీ గురించైతే, కాస్కోనియస్ గెలిచినా సరే, ఒక్క ముక్క తీయనిచ్చేవాణ్ణి కాదు.”

“తెలుసు,” అంది తల్లి. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలింది. “మొత్తం ఒకసారి చదువు.”

చదివాడు. నాలుగే వాక్యాలు. రోములో ఏ ఇల్లాలి సమాధి మీద చెక్కినా సరిపోతాయి. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

“బాగుంది. ఆఖరి మాట దగ్గర మాత్రం గొంతు కాస్త పూడుకుపోనీ. జనానికి వినపడాలి.”

“నీకన్నా బండరాయి నయం అమ్మా!” సెర్వియస్ పలకను బల్ల మీద విసిరికొట్టాడు.

ఆ చప్పుడుకు తెర పక్కకు జరిగింది. పెద్ద రుటీలియా తన కాళ్ళ మీద తనే గబగబా నడిచొచ్చి, అతని తల్లి భుజం కింద చెయ్యి వేసింది.

“ఓర్చుకున్నది చాలు చెల్లీ, లేచొచ్చి నీ మంచం మీద నువ్వు పడుకో.”